మిద్దె మీద ముప్ఫై బిందెలు

తల దించవద్దని మరీ మరీ చెప్పి వెళ్ళారు ఇళ్ళ సంఘం సెక్రటరీ నరసింహారావు గారు. మూడు గంటలకు మిద్దె మీద నీళ్ళు నిలగట్టారు. నాలుగయ్యేదాకా జైనాబ్ బీ తన ముందుగదిలో నేలమీద కూర్చుని కప్పునే చూస్తూ ఉండాలి, ఎక్కడ చెమ్మ కనబడినా, ఎక్కడ బొట్టు రాలినా కేకెయ్యాలి. గోడకు అవతల పక్కింటి సుందరమ్మ తన వంటగదిలో అట్లాగే కూర్చుని చూస్తూ ఉంటుంది. నరసింహారావు గారు వీధిలో నీడన కుర్చీ వేయించుకుని చేతిగడియారం చూసుకుంటూ ఉంటారు. ఎవరి పని వాళ్ళకు పంచిపెట్టడంలో ఆయన్ని మించినవాళ్ళు నరసరావుపేటలో లేరు. యాభై అయిదేళ్ళ మనిషి గంటసేపు మెడ వెనక్కి వాల్చి కూర్చుంటే ఆ మెడనొప్పి ఇంటివాళ్ళదా, సంఘానిదా అన్నది మాత్రం ఆయన పుస్తకంలో లేదు. ఒళ్ళో మిరపకాయల కొట్టువాళ్ళ గోనెసంచి ఉంది, దబ్బనం ఉంది, పురికొస ఉంది, కుట్టాలంటే తల దించాలి, దించితే ఆ క్షణంలోనే బొట్టు పడిపోతుందేమో, పడితే మంచిదా, పడకపోతే మంచిదా, అది తేలకే పొద్దుటినుంచి ఆమెకు అన్నం సయించలేదు.

గదికి పదకొండు నాపబండలు, మాచర్ల వైపునుంచి లారీలో వచ్చినవి, దూలాల మీద పక్కపక్కన పరిచినవి. పదకొండు బండల మధ్య పది సందులు, సందుల నిండా సున్నం. గుమ్మం వైపునుంచి లెక్కపెడితే పది వస్తున్నాయి. గోడ వైపునుంచి లెక్కపెడితే తొమ్మిదే వస్తున్నాయి. మళ్ళీ గుమ్మం వైపునుంచి మొదలుపెడితే ఏడు దగ్గర కన్ను జారి, ఏది లెక్కపెట్టిందో ఏది పెట్టలేదో కలిసిపోతోంది. తప్పు బండలది కాదు, వెల్లది. ప్రతి రంజానుకూ వెల్ల వేసి వేసి, పొర మీద పొర పడి, బండ ఏదో సందు ఏదో ఆనవాలు లేకుండా పోయింది. ఆ పదింటిలో ఆమెకు కావలసింది ఒక్కటే సందు. మూడోదా? నాలుగోదా? మూడోదైతే గుమ్మంనుంచి మూడోదా, గోడనుంచి మూడోదా? ఎనిమిదేళ్ళ కిందట తనే ముక్కాలిపీట పట్టుకుని కింద నిలబడింది, పెనిమిటి పైకెక్కాడు, ఆయన పాదాలు గుర్తున్నాయి, మడమల పగుళ్ళలో సున్నం గుర్తుంది, పీట ఏ మూలన వేశారో మాత్రం ఎంత తవ్వినా గుర్తు రావడం లేదు.

ఈ వరసలో పన్నెండిళ్ళు. పన్నెండింటికీ ఒకే పునాది, ఒకే మిద్దె, ఇంటికీ ఇంటికీ మధ్య ఒకటే గోడ. డెబ్భై ఆరులో సహకార సంఘం పెట్టుకుని కట్టుకున్నారు, మిల్లులో పనిచేసేవాళ్ళు, కొట్లు నడిపేవాళ్ళు, మేస్త్రీలు, ఎవరి శక్తికొద్దీ వాళ్ళు. అప్పుడు రాసుకున్నదే గులాబిరంగు అట్ట ఉన్న ఆ పుస్తకం. లోపలిది ఇంటివాళ్ళది, బయటిది సంఘానిది, మధ్యగోడ ఇరుగుపొరుగు ఇద్దరిదీ. చదివితే పసిపిల్లలకైనా అర్థమయ్యేట్టే ఉంటుంది. మూడో ఇంటి పుల్లమ్మ గుమ్మానికి చెదలు పట్టినప్పుడు తెలిసింది దాని సంగతి. ద్వారబంధంలో బయటి సగం సంఘానిదనీ, లోపలి సగం పుల్లమ్మదనీ తేల్చారు. సంఘం బయటివైపు మందు కొట్టించి రంగు వేయించింది, చెదలు శుభ్రంగా లోపలివైపుకు కాపురం మార్చాయి. "చెదపురుగులకి మీ రూలు చదవటం రాదు గదండీ," అని పుల్లమ్మ అంటే వరసంతా నవ్వింది గానీ సెక్రటరీ గారు నవ్వలేదు. రూలు దగ్గర ఆయన నవ్వరు. మిద్దెకూ అంతే, పైముఖం సంఘానిది, కిందిముఖం ఇంటివాళ్ళది. బండ మందం రెండంగుళాలు. అందులో సంఘం ఎక్కడిదాకా దిగివచ్చి ఆగుతుంది, తను ఎక్కడ మొదలవుతుంది? పైనుంచి వచ్చే నీటిచుక్క బండలో సగందాకా సంఘం చుక్క అయి, సగం దాటాక జైనాబ్ బీ చుక్క అవుతుందా? పుట్టింట్లో తాటాకు ఇల్లు. కారితే అన్నదమ్ములు ఎక్కి కప్పేవాళ్ళు, పైముఖం ఎవరిదని ఎవరూ అడగలేదు. ఇక్కడ పదిహేడో రూలు ఒకటుంది. ఇంటివాళ్ళు కప్పుకు చెయ్యి పెట్టినట్టు తేలితే ఆ మరమ్మతుతో సంఘానికి సంబంధం లేదు. పొద్దున నరసింహారావు గారు దాన్ని రెండుసార్లు చదివి వినిపించారు. రెండోసారి చదివేటప్పుడు జైనాబ్ బీ పైటకొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

పోయిన ఆదివారం తొలకరి వానకు మొదలైంది ఇదంతా. సుందరమ్మ వంటగదిలో మధ్యగోడ వెంబడి నీళ్ళు దిగాయి. దిగినవి నేలమీద పడితే గుడ్డ పెట్టి తుడుచుకునేవాళ్ళు, గోడవార మూత తీసిపెట్టిన పండుమిరప పచ్చడి జాడీలో పడ్డాయి. ఏడాది పచ్చడి. సుందరమ్మ మొగుడు గురునాథం బెల్లం, చింతపండు అమ్మే కొట్టు మనిషి, నష్టం అన్న మాట వింటే ఆయనకు నిద్రపట్టదు, జాడీని చంకన పెట్టుకుని సెక్రటరీ ఇంటికి వెళ్ళాడు. సెక్రటరీ గారు మేస్త్రీ అలీ సాహెబ్‌ని పిలిపించారు. అలీ సాహెబ్ మిద్దె ఎక్కి, దిగి, తలపాగా విప్పి దులుపుకుని, "మిద్దె వాటం జైనాబక్క ఇంటినుంచి గురునాథం గారింటి వైపుకుందండీ. నీళ్ళు ఆమె గది సందులో దిగి, బండ కిందగా పాకి గోడ దగ్గర బయటపడి ఉండొచ్చు," అన్నాడు. ఉండొచ్చులు నరసింహారావు గారికి గిట్టవు. అందుకే ఈ పరీక్ష. జైనాబ్ బీ మిద్దె చుట్టూ బంకమట్టితో కట్ట పోయించి, వరసలో ఆడవాళ్ళందరిచేతా ముప్ఫై బిందెలు మోయించారు, పంపు దగ్గర రెండు బిందెలకే జుట్టూజుట్టూ పట్టుకునే రోజుల్లో. గంటలోపల ఎక్కడ కారినా సున్నం చచ్చిందన్నట్టే లెక్క. అప్పుడు పన్నెండిళ్ళ మిద్దె మీదా పాత సున్నం మొత్తం చెక్కించి సిమెంటు పోయిస్తుంది సంఘం. ఆ మాట చెప్పి ఊరుకుంటే సరిపోయేది. "మౌలాలీ సున్నంలో పోయాల్సిన బెల్లంలో సగం నోట్లో వేసుకున్నాడేమోనయ్యా, ఎవరు చూసొచ్చారు?" అన్నారు గురునాథంతో, బిందెలు దించుతున్న ఆడవాళ్ళందరూ వినేట్టు. అందరూ నవ్వారు. సుందరమ్మ ఒక్కతే నవ్వకుండా బిందె ఎత్తుకుని పోయింది.

తిన్నాడు, తినలేదని ఎవరన్నారు? మౌలాలీ ఆమె పెనిమిటి, పోయి నాలుగేళ్ళయింది, ఈ పన్నెండిళ్ళ మిద్దె సందులన్నీ ఆయన చేత్తో నింపినవే. పిడుగురాళ్ళ సున్నం, వాగు ఇసుక, ఎద్దులు తిప్పే గానుగలో నూరి నూరి వెన్నలాగా వచ్చేదాకా వదిలేవాడు కాదు. కరక్కాయలు నానబెట్టిన నీళ్ళు ఒక పీపాలో, బెల్లం నీళ్ళు ఇంకో పీపాలో. బెల్లం పాకం చాలిందో లేదో చూడటానికి రోజూ పొద్దున్నే చూపుడువేలు ముంచి నాలిక మీద పెట్టుకునేవాడు, కళ్ళు మూసుకుని ఆలోచించేవాడు, ఇంకో అచ్చు వెయ్యండ్రా అనేవాడు. అదే ఆయన తిన్న బెల్లం. ఏడాదికి ఎంతవుతుంది, మూడొందల వేళ్ళంత? ఆ తర్వాత చక్కెర జబ్బు వచ్చింది, కాలు పుండై మానలేదు, డాక్టరు తీపి ముట్టవద్దంటే ఆయన నవ్వి, "నేను తిన్నది మిద్దె తిన్నంత లేదులే జైనా," అన్నాడు. ఆ వేలే ఆయన ప్రాణం తీసిందేమోనని ఆమెకు ఒక్కోసారి అనిపిస్తుంది, ఒక్కోసారి ఛీ, అదేం మాటని తనే కొట్టిపారేస్తుంది. సమాధి మీద పేరు లేదు, రాయి పెట్టించే స్తోమత లేక. ఆయన పేరు అంటూ ఉన్నది ఈ మిద్దె మీదే. చెక్కేస్తే ఉలి దెబ్బ దెబ్బకూ పొడై వీధిలోకి రాలుతుంది, పుల్లమ్మ చీపురుతో ఊడుస్తుంది, ఇంకో వానాకాలానికి సిమెంటు గొప్పదనం గురించి మాట్లాడుకుంటారు. ఆమెకు దుఃఖం వచ్చింది. తల పైకెత్తి ఉంది గనుక కన్నీళ్ళు చెంపలమీదికి రాకుండా చెవుల్లోకి పోయాయి.

సున్నం తప్పు కాదు. సున్నానికి బొక్క పెట్టిన కొక్కెం తప్పు, ఆ సంగతి ఆమెకు తెలుసు, సుందరమ్మకు తెలుసు, ఈ వరసలో మూడో మనిషికి తెలియదు. తెలిసిన ఇద్దరూ ఇప్పుడు ఒకే గోడకు చెరోవైపునా కూర్చుని ఉన్నారు. డెబ్భై ఎనిమిది, అదీ జూన్ నెలే, కాదు కాదు, శ్రావణం, సుందరమ్మ కూతురు ఇందిర ఈపూరునుంచి పురిటికి వచ్చింది. అప్పటికి రెండు పురుళ్ళు, ఇద్దరు పిల్లలూ పదకొండో రోజు దాటలేదు. మూడోది ఆడపిల్ల పుట్టింది, గుప్పెడంత, ఏడుపు కూడా సరిగ్గా లేదు. సుందరమ్మ అత్తగారు రాఘవమ్మ ముసలావిడ అప్పుడు బతికే ఉంది. పిల్ల మన ఇంట్లో ఉంటే చావు దారి మరవదు, తురకల ఇంటికి అమ్మేద్దాం అంది. చేటలో పిల్లను పడుకోబెట్టి మధ్యాహ్నం వేళ ఈ గుమ్మంలో దించింది. జైనాబ్ బీ గుప్పెడు తవుడు ఇచ్చి కొనుక్కుంది. తవుడు ఎక్కడిది? గేదె లేదే ఇంట్లో. పుల్లమ్మను అడిగి తెచ్చిందా, లేక సుందరమ్మే ముందుగా తెచ్చి చేతిలో పెట్టిందా? సుందరమ్మే అయి ఉంటుంది, వాళ్ళ తవుడే వాళ్ళకిచ్చి వాళ్ళ పిల్లనే కొనుక్కోవడం, ఆ ఖంగారులో ఎవరికీ నవ్వు కూడా రాలేదు.

నలభై రోజులు పిల్ల ఈ గదిలో పెరిగింది. సైదులు దర్గాకు మొక్కి సైదమ్మ అని పేరు పెట్టారు, బళ్ళో శైలజ అని రాయించారట గానీ ఇంట్లో ఇప్పటికీ సైదమ్మే. పాలివ్వడానికి ఇందిర వచ్చేది, కూలికి వచ్చినదానిలాగా గుమ్మం దగ్గర ఆగి, "బీబమ్మా, నీ పిల్లకి ఆకలేస్తందా?" అని అడిగేది. నా పిల్ల అనకూడదు. అంటే చావు వింటుంది. చీర ఉయ్యాల వేయడానికి కొక్కెం కావాలి, ఈ గదిలో దూలాలు రెండూ ఉయ్యాల ఊగితే గోడకు తగిలేంత దగ్గరగా ఉన్నాయి. మౌలాలీ పైకి చూశాడు, సందు చూశాడు, తన చేత్తో తను నింపిన సందు, ఉలి తీసుకుని చాలాసేపు ఊరికే నిలబడ్డాడు. "దీన్ని కెలికితే ఎప్పుడో ఒకప్పుడు కారుద్దే," అన్నాడు. "కారితే కారనీ, పిల్ల కన్నా ఎక్కువా?" అంది తను. అన్నదా? లేక సుందరమ్మ అన్నదా? ఎవరు అన్నారో, ఇద్దరూ అని ఉంటారు, ఆ రోజుల్లో ఇద్దరి గొంతూ ఒకటే అయిపోయింది. సందు తొలిచి, పైనుంచి అడ్డంగా ఇనపకడ్డీ వేసి, కొక్కెం దించాడు.

నలభయ్యో రోజున సుందరమ్మ అదే చేటలో తవుడు తెచ్చి పిల్లను తిరిగి కొనుక్కుంది. రాఘవమ్మ గడపలో నిలబడి, ఉయ్యాల వేలాడిన చోటు ఆనవాలు ఉండకూడదు, ఉంటే చావు పోల్చుకుంటుంది, ఎవరికీ వేలు పెట్టి చూపించకూడదు, నోటితో చెప్పకూడదు, పిల్ల అత్తారింటికి వెళ్ళేదాకా ఈ మాట మీ ఇద్దరి మధ్యే ఉండాలి అంది. ఇద్దరిచేతా కొంగు పట్టించి ఒట్టు వేయించుకుంది. అప్పటికప్పుడు కొక్కెం పీకాలి. మౌలాలీ ఊళ్ళో లేడు, గురజాలలో పనికి పోయాడు. మరి పీకింది ఎవరు? తనే. పీట పట్టుకుంది సుందరమ్మ. బొక్కలో ఏం కూరింది? ఇంట్లో గానుగ సున్నం లేదు, ఆకు వక్కల్లోకి ఉంచుకున్న సున్నం డబ్బీ ఉంది, అది కూరిందా? కొంచెం బంకమట్టి కలిపిందా? ఆయన తిరిగొచ్చాక చూసి, "ఏందే ఇది, తాంబూలం ఏసినట్టు ఏశావు," అని నవ్వాడు, పైనుంచి సరిచేస్తాలే అన్నాడు. చేశాడా? మిద్దె ఎక్కినట్టు గుర్తుంది. అది కొక్కెం కోసం ఎక్కాడో, ఎండబెట్టిన మిరపకాయలు తియ్యడానికి ఎక్కాడో. ఎనిమిదేళ్ళు కారలేదు గనుక చేసే ఉంటాడు, లేదా ఆ తాంబూలం సున్నమే ఎనిమిదేళ్ళు పట్టుకుని ఉందేమో.

పైన అడుగుల చప్పుడు. అలీ సాహెబ్ కట్ట చుట్టూ తిరుగుతున్నాడు. తన నెత్తిమీద ముప్ఫై బిందెల నీళ్ళు నిలబడి ఉన్నాయన్న సంగతి ఆమెకు అప్పుడు మళ్ళీ గుర్తుకు వచ్చింది. ఎంతసేపైంది? వీధిలోకి కేకేసి అడగవచ్చు, అడిగితే తల దించావా అంటారు. కారితే, సెక్రటరీ గారు మౌలాలీ బెల్లం మాట పుస్తకంలో రాస్తారు, పన్నెండిళ్ళూ చెక్కేస్తారు. కొక్కెం సంగతి చెబితే ఆయన పేరు నిలుస్తుంది, సున్నం నిలుస్తుంది, కానీ ఎందుకు పెట్టించావు అంటారు, ఎక్కడ చూపించు అంటారు, ఒట్టు పోతుంది. ఒట్టు పోతే పోయేది తను కాదు, ఈపూరులో ఎనిమిదేళ్ళ పిల్ల. పోయిన శివరాత్రికి కోటప్పకొండ తిరనాళ్ళకు వచ్చి, ఈ గదిలోనే పడుకుని, కప్పు వైపు చూస్తూ, "బీబమ్మా, నేను ఇక్కడ ఊగానంట గదా, ఎక్కడ?" అని అడిగింది. ఎవరు చెప్పారు దానికి? ఇందిర నోరు జారి ఉంటుంది. "ఎవరే చెప్పింది, నువ్వు ఊగలేదు, ఏమీ లేదు," అని కసిరింది. పిల్ల మొహం చిన్నబుచ్చుకుంది. నమ్మకాలు నిజమా, కాదా? మౌలాలీ ఇట్లాంటివి నమ్మేవాడు కాదు, కానీ ఉలి పట్టుకుని తొలిచింది ఆయనే. నిజం కాకపోతే మరి పిల్ల ఎట్లా బతికింది? మంచి మందులు వచ్చాయి కాబట్టి బతికిందా, చావు దారి తప్పింది కాబట్టి బతికిందా? రెండిట్లో ఏదో తెలియనప్పుడు ఒట్టు తప్పే ధైర్యం ఎవరికుంటుంది? ఆ పిల్లను నలభై రోజులు ఎత్తుకున్న చేతులివి. ఆ చేతులకు లేదు.

నాలుగో సందు దగ్గర నల్లగా ఏదో కనబడింది. చెమ్మా? పొగచూరిన మచ్చా? అది ఇందాకటినుంచీ ఉందా, ఇప్పుడు వచ్చిందా? కళ్ళు నులుముకుంటే నాలుగు మచ్చలైంది. గోడ వైపుకు పాకుతున్నట్టుంది, కాదు, తన చూపే పాకుతోంది. కేకెయ్యాలా? నోరు తెరిచింది, మూసింది. అల్లా, ఎండిపోనీ. ఎండిపోతే సుందరమ్మ గోడ మీద దిగిన నీళ్ళు ఎక్కడివంటారు, ఇంకో మిద్దె మీద ముప్ఫై బిందెలు పోస్తారు, ఇంకో ఇంటివాళ్ళ మెడ వాలుతుంది. సుందరమ్మ ఇప్పుడు ఏమనుకుంటూ ఉంటుంది? గోడ ఒక ఇటుక మందమే. రాత్రిపూట ఆమె దగ్గు వినబడుతుంది, తను తిరగలి తిప్పితే అక్కడ గిన్నెలు కదులుతాయి. ఈ వారం రోజులూ ఆమె ఒక్కమాట మాట్లాడలేదు. పచ్చడి పోయిన కోపమా? లేక కొక్కెం మాట ఎక్కడ వస్తుందోనన్న భయమా? మొహం చూస్తే రెండూ ఒకలాగే ఉంటాయి.

"పడింది!" గోడ అవతలినుంచి సుందరమ్మ గొంతు. "ఏమండీ, ఇక్కడ గోడవార బొట్టు పడిందండీ!"

ఆ తర్వాత అంతా ఒక్కసారే జరిగింది. కుర్చీ జరిగిన చప్పుడు, చెప్పుల చప్పుడు, మెట్ల మీద అలీ సాహెబ్, గురునాథం గొంతు, పుల్లమ్మ గొంతు. వాళ్ళందరూ సుందరమ్మ వంటగదిలోకి పోయి చూసి, జైనాబ్ బీ గదిలోకి వచ్చారు, వెనకగా సుందరమ్మ కూడా వచ్చి గుమ్మం దగ్గర ఆగింది. నరసింహారావు గారు గులాబిరంగు పుస్తకం మడిచి చంకలో పెట్టుకుని ఉన్నారు. "మూడూ నలభై ఏడు," అన్నారు, గడియారం ఊరందరికీ చూపిస్తున్నట్టు చెయ్యెత్తి. "తేలిపోయింది. సందులు చచ్చాయి. అన్నానా గురునాథం, మౌలాలీ బెల్లం..."

"ఆయన సున్నం కాదండీ," అంది జైనాబ్ బీ. ఆ గొంతు తనదేనా అని తనకే అనుమానం వచ్చింది. లేచి నిలబడింది, మెడ పట్టేసి ఉంది. ఏం చెప్పబోతోందో నోరు తెరిచేదాకా ఆమెకూ తెలియదు. "నేను కొక్కెం పెట్టించాను. ఉట్టి కోసం. పిల్లి పాలు తాగుతందని పోరుపెట్టి పెట్టించాను. ఆయన వద్దంటే వినలా. ఆయన పోయినాక దాన్ని నేనే పీకి, చేతికందిన మట్టీ సున్నం నేనే కూరాను. చేసింది నేను."

గుమ్మం దగ్గర సుందరమ్మ ద్వారబంధం పట్టుకుంది. ఆమె చూపు జైనాబ్ బీ మొహం మీద పడి, కప్పు మీదికి పోబోయి, సగంలో ఆగి, నేలమీద గోనెసంచి మీద నిలిచింది.

"పదిహేడో రూలు," అన్నారు నరసింహారావు గారు మెల్లగా. ఆయనకు కొంచెం నిరాశ కలిగినట్టుంది. "ఇంటివాళ్ళు చెయ్యి పెట్టారు కాబట్టి ఈ గది కప్పుతో సంఘానికి సంబంధం లేదు జైనాబమ్మా. ఇప్పుడేగాదు, ఎప్పటికీ. మీరే చూసుకోవాలి."

"తెలుసండీ. మరి మిగతాది చెక్కించరు గదా?"

"ఏమయ్యా అలీ సాహెబ్?"

"మిగతా సందుల్లో ఉలి మొన దిగటల్లేదండీ," అన్నాడు అలీ సాహెబ్. "పొద్దున్నే గీకి చూశాను. అది సున్నం కాదు, రాయి. చెక్కాలంటే బండలు పగులుతయ్యి. మౌలాలీ భాయ్ చేసిన పని నేను చెడగొట్టను."

జైనాబ్ బీ గోనెసంచి పక్కకు జరిపి కింద కూర్చుంది. నరసింహారావు గారు పుస్తకం తెరిచి కలం తీశారు. "కొక్కెం ఎక్కడ పెట్టించారో చూపించండి, రాసుకోవాలి."

వేలు పెట్టి చూపించకూడదు. ఆమె చెయ్యి లేవలేదు. చూపిద్దామన్నా ఎక్కడని చూపిస్తుంది, పది సందుల్లో ఏదో తనకే తెలియదే. అబద్ధమైనా ఒక చోటు చూపించాలి, అబద్ధం పొరపాటున నిజం చోటు మీద పడితేనో?

"గోడ మీదండీ," అంది సుందరమ్మ.

అందరూ అటు తిరిగారు. ఆమె గదిలోకి వచ్చి మధ్యగోడకు, కప్పు కలిసేచోటుకు కిందగా, అందినంత ఎత్తున అరచెయ్యి ఆనించింది, ఉయ్యాల ఎన్నడూ వెళ్ళని మూల. "ఇక్కడ. నాకు తెలుసు. ఆ ఉట్టి నేను అడిగితేనే పెట్టించింది. మా ఇంట్లో చోటు లేక నా పాలు, పెరుగు కూడా దాంట్లోనే పెట్టుకునేదాన్ని. గోడ ఇద్దరిదీ గదండీ మీ పుస్తకంలో? అయితే సగం మాది. రాసుకోండి."

"ఏమే, నీకేమైనా పిచ్చి పట్టిందా?" అన్నాడు గురునాథం. "పచ్చడి పోయింది మనదే, సగం మనమే ఎట్లా పెట్టుకుంటాం?"

"పెట్టుకుంటాం," అంది సుందరమ్మ మొగుడి వైపు చూడకుండా. "పచ్చడి పోతే మళ్ళీ పెట్టుకుంటాం. రాసుకోండి సెక్రటరీ గారూ."

నరసింహారావు గారు ఒకసారి గోడ వైపు, ఒకసారి పుస్తకం వైపు చూశారు. ఉట్టిని కప్పుకు కాకుండా గోడకు ఎవరైనా ఎట్లా వేలాడదీస్తారన్న ప్రశ్న ఆయన మొహంలో కనబడింది గానీ, మధ్యగోడ అనేసరికి రూలు సరిపోయింది, రూలు సరిపోతే ఆయన ఇంకేమీ అడగరు. మధ్యగోడ, ఒకటి రెండు ఇళ్ళు, చెరి సగం, అని రాసి కింద గీత గీశారు. కట్ట తెంపి నీళ్ళు వదిలెయ్యమని అలీ సాహెబ్‌కి చెప్పారు. నీళ్ళు మిద్దె తూములోంచి వీధిలోకి బుడబుడా దూకాయి. ముప్ఫై బిందెల మంచినీళ్ళు మురిక్కాలవ పాలయ్యాయని పుల్లమ్మ తిట్టుకుంటూ వెళ్ళిపోయింది. ఒక్కొక్కరే వెళ్ళారు. గురునాథం గుమ్మం దాటేదాకా సణుగుతూనే ఉన్నాడు.

సుందరమ్మ వెళ్ళలేదు. కిందకు వంగి జైనాబ్ బీ పక్కన కూలబడింది, ఎనిమిదేళ్ళ కిందట పిల్లను చూడటానికి వచ్చి కూర్చునేది గదా, అట్లాగే. అరచేతికి అంటిన వెల్ల చీరకు తుడుచుకుంది. గోడమీద ఆమె చేతి గుర్తు తెల్లటి వెల్లలో కొంచెం చెరిగి కనబడుతోంది. తర్వాత సుందరమ్మ గొంతు తగ్గించి, కప్పు వైపు చూడకుండా అడిగింది.

"ఇంతకీ ఏ సందు వదినా? పీట పట్టుకున్నాను గానీ నాకూ గుర్తు లేదు."

జైనాబ్ బీ కప్పు చూసింది. గుమ్మం వైపునుంచి ఒకటి, రెండు, మూడు. గోడ వైపునుంచి ఒకటి, రెండు. నాలుగో దాని మీద నల్లమచ్చ ఉందా, లేదా? అన్నీ తెల్లగానే ఉన్నాయి.

"తెలవదు. అల్లా తోడు, ఎంత చూసినా గుర్తు రావటల్లేదు."

సుందరమ్మ ఆమె చెయ్యి పట్టుకుంది, గట్టిగా, గోళ్ళు దిగేంత గట్టిగా. కళ్ళ నిండా నీళ్ళు తిరిగాయి, అయినా నవ్వింది.

"గుర్తు తెచ్చుకోమాక," అంది. "నీకే తెలవకపోతే ఇంక ఎవరికి తెలిసిద్ది? ఆ చావుకి కూడా తెలవదు."

జైనాబ్ బీ చాలాసేపటి తర్వాత తల దించింది. దబ్బనంలో పురికొస ఎక్కిద్దామని చూస్తే బెజ్జం కనబడలేదు, సుందరమ్మ తీసుకుని ఎక్కించి ఇచ్చింది.